ఎవరిచ్చారు? ఎవరికిచ్చారు? ఎప్పుడు చెప్పారు?



1921 మార్చి 31న, ఏప్రిల్ 1న మన బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. గాంధీజీ వచ్చారు. పింగళి వెంకయ్యగారు ఆయనకు జెండా చూపించింది ఆ రోజుల్లోనే. ఈ సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. అదే సమావేశంలో జరిగిన ఇంకో సంగతి మాత్రం మనం అంతగా చెప్పుకోం. జూన్ నెలాఖరులోగా దేశమంతా తిరిగి కోటి రూపాయలు పోగుచెయ్యాలని అక్కడ తీర్మానించారు. దాని పేరు తిలక్ స్వరాజ్య నిధి.

అప్పట్లో కాంగ్రెస్ సభ్యత్వం నాలుగణాలు. ఊరూరా తిరిగి ఆ నాలుగణాలు అడిగారు. ఆడవాళ్లు చేతి గాజులు, మెడలో గొలుసులు తీసి ఇచ్చారు. పెద్దవాళ్లూ ఇచ్చారు. బొంబాయిలో అర్దేషిర్ గోద్రెజ్ ఒక్కరే మూడు లక్షలు ఇచ్చారు. నూరేళ్లు దాటినా ఆ పేరూ, ఆ మొత్తమూ ఇవాళ నేను మీకు చెప్పగలుగుతున్నాను. ఎందుకంటే ఆ చందాను ఎవరూ దాచుకోలేదు.

పార్టీ నడవాలంటే డబ్బు కావాలి. ఇది తప్పు కాదు. మీటింగు పెట్టాలన్నా, కరపత్రం వెయ్యాలన్నా, కార్యకర్తకు బస్సు చార్జీ ఇవ్వాలన్నా డబ్బే కదా. పార్టీకి చందా ఇవ్వడం కూడా తప్పు కాదు. అయితే ఆ చందా గురించి మనం మూడు ప్రశ్నలు అడగాలి. ఎవరిచ్చారు? ఎవరికిచ్చారు? ఆ సంగతి మనకు ఎప్పుడు చెప్పారు? ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. ఇవాళ నేను మాట్లాడేదంతా వీటి గురించే.

ఇప్పుడు 2018కి వద్దాం. ఆ ఏడాది జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఎన్నికల బాండ్ల పథకాన్ని అమల్లోకి తెచ్చింది. బాండు అంటే ఒక కాగితం. స్టేట్ బ్యాంకుకు వెళ్లి డబ్బు కట్టి ఆ కాగితం కొనుక్కోవాలి. నచ్చిన పార్టీకి ఇవ్వాలి. పార్టీ పదిహేను రోజుల్లోగా దాన్ని బ్యాంకులో వేసుకుని డబ్బు తీసుకుంటుంది. కాగితం మీద కొన్నవారి పేరు ఉండదు. ఎవరిచ్చారో పార్టీ ఎన్నికల సంఘానికి చెప్పక్కర్లేదు. ఏ పార్టీకి ఇచ్చిందో కంపెనీ తన లెక్కల్లో రాయక్కర్లేదు.

వెయ్యి రూపాయల బాండు కూడా ఉండేది. మామూలు మనిషి కూడా కొనుక్కోవచ్చన్నారు. కానీ అమ్ముడైన బాండ్ల విలువలో తొంభై శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లే. ఒక్క కాగితం, కోటి రూపాయలు, పేరు లేదు. రూపాయి విలువ నూరేళ్లలో చాలా మారింది, ఒప్పుకుంటాను. బెజవాడ కోటికీ ఈ కోటికీ పోలిక పెట్టకూడదు. కానీ ఆ కోటి ఎవరిదో జనానికి తెలుసు. ఈ కోటి ఎవరిదో తెలియకుండా చట్టమే రాసుకున్నాం. నాకు బాధ కలిగించేది అదే.

ఈ పథకం కోసం నాలుగు చట్టాలు మార్చారు. ఆ మార్పులన్నిటినీ 2017 బడ్జెట్‌తో వచ్చిన ఆర్థిక బిల్లులోనే పెట్టారు. అందులో ఒక మార్పు చెబుతాను, జాగ్రత్తగా వినండి. అంతకు ముందు ఒక కంపెనీ పార్టీలకు ఎంత ఇవ్వాలన్నదానికి హద్దు ఉండేది. గడిచిన మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతం దాటకూడదు. అంటే లాభం వచ్చిన కంపెనీయే ఇవ్వాలి, అదీ కొద్దిగానే ఇవ్వాలి. ఆ హద్దు తీసేశారు. లాభం ఉన్నా లేకపోయినా ఎంతైనా ఇవ్వొచ్చు. నష్టాల్లో ఉన్న కంపెనీ కోట్లకు కోట్లు చందా ఇస్తే, ఆ డబ్బు ఎక్కడిది అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది కదా?

హెచ్చరించినవాళ్లు లేకపోలేదు. రిజర్వు బ్యాంకు 2017 జనవరి 30నే అభ్యంతరం రాసింది. బడ్జెట్‌కు సరిగ్గా రెండు రోజుల ముందు. మే నెలలో ఎన్నికల సంఘం న్యాయశాఖకు లేఖ రాసింది. చందాల విషయంలో ఇది వెనకడుగు అని అందులో స్పష్టంగా చెప్పింది. అయినా పథకం వచ్చింది.

ప్రభుత్వం చెప్పిన కారణం కూడా మనం న్యాయంగా వినాలి. చందా ఇచ్చినవారి పేరు బయటపడితే, అవతలి పార్టీ గెలిచాక కక్ష కడుతుంది, అందుకే రహస్యం అన్నారు. ఇది తీసిపారేసే మాట కాదు. మన మండలాల్లో పనులు చేసే చిన్న కాంట్రాక్టరును అడగండి. ప్రతిపక్షం వాళ్లతో కలిసి టీ తాగినా బిల్లు ఆగుతుందేమోనని భయపడతాడు. ఆ భయం నిజం. మరి బాండు ఆ భయాన్ని పోగొట్టిందా?

మన పెళ్లిళ్లలో చదివింపులు చూడండి. పందిట్లో ఒకాయన నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. ఫలానా వారు, ఇంత అని రాసుకుంటాడు. ఎందుకు రాస్తారు? రేపు వాళ్లింట్లో శుభకార్యం అయితే మనం తిరిగి పెట్టాలి కాబట్టి. ఇచ్చినవాళ్లకు గుర్తుంటుంది, పుచ్చుకున్నవాళ్లకు గుర్తుంటుంది. బాండ్ల విషయంలోనూ అంతే. చేతికి బాండు అందించిన మనిషెవరో పార్టీకి తెలియదా? ఎవరు కొన్నారో స్టేట్ బ్యాంకుకు తెలుసు. అది ప్రభుత్వ బ్యాంకు. ఇచ్చినవారికి తెలుసు, పుచ్చుకున్నవారికి తెలుసు, మధ్యలో బ్యాంకుకు తెలుసు. తెలియనిది ఒక్క ఓటరుకే. మీకూ నాకూ.

ఇంకో సంగతి. 2018 ఏప్రిల్‌లో పూనమ్ అగర్వాల్ అనే జర్నలిస్టు సొంత డబ్బుతో వెయ్యి రూపాయల బాండ్లు రెండు కొన్నారు. వాటిని ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పరీక్ష చేయించారు. మామూలు వెలుతురులో కనిపించని ఒక నంబరు, అతినీలలోహిత కాంతిలో బయటపడింది. ప్రతి బాండుకూ వేరే నంబరు. నకిలీలు రాకుండా భద్రత కోసమే పెట్టామని ప్రభుత్వం చెప్పింది. సరే, అనుకుందాం. కానీ ఎవరు కొన్నారు, ఎవరు వేసుకున్నారు అని జతచేసి చూడడానికి ఆ నంబరు పనికొస్తుంది. ఆ మాట తర్వాత సుప్రీంకోర్టులోనే తేలింది.

కంపెనీల చందాల మీద ఈ ఆందోళన కొత్తది కాదు. 1957లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ పార్టీలకు చందాలు ఇచ్చేందుకు వీలుగా తన నియమావళిని మార్చుకోవాలనుకుంది. కేసు బొంబాయి హైకోర్టుకు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా. చట్టం ప్రకారం కాదనలేక ఆయన అనుమతి ఇచ్చారు. ఇస్తూనే, ఈ దారి ప్రజాస్వామ్యానికి ప్రమాదమనీ, పార్లమెంటు పట్టించుకోవాలనీ తీర్పులోనే హెచ్చరించారు. అనుమతి ఇస్తున్న న్యాయమూర్తే ఆ అనుమతి గురించి భయపడ్డారు. అప్పటికి మన గణతంత్రానికి ఏడేళ్లు.

తర్వాత 1969లో కంపెనీ చందాలను పూర్తిగా నిషేధించారు. నిషేధిస్తే డబ్బు ఆగిందా? ఆగలేదు. దొడ్డిదారిన నడిచింది. 1985లో మళ్లీ అనుమతించారు. నిషేధం పెట్టి చూశాం, రహస్యం పెట్టి చూశాం. ఈ రెండిట్లోనూ జనానికి లెక్క తెలియలేదు.

ఇంకో ఉదాహరణ చెప్పాలి. ఇది విన్నప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది. విదేశీ కంపెనీల నుంచి పార్టీలు చందాలు తీసుకోకూడదని మన చట్టం. 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. దేశంలోని రెండు పెద్ద పార్టీలూ, బీజేపీ, కాంగ్రెస్ రెండూ, ఆ చట్టాన్ని ఉల్లంఘించి చందాలు తీసుకున్నాయని తేల్చింది. చర్య తీసుకోమంది. ఆ తర్వాత ఏమైంది? 2016లో చట్టాన్నే మార్చారు. విదేశీ కంపెనీ అంటే ఏమిటన్న నిర్వచనం మార్చి, అది 2010 నుంచి వర్తిస్తుందన్నారు. అదీ చాలలేదు. 2018లో మళ్లీ మార్చి 1976 నుంచి వర్తిస్తుందన్నారు. నలభై ఏళ్లు వెనక్కి వెళ్లి మరీ తప్పును ఒప్పు చేశారు. పన్ను రెండు రోజులు ఆలస్యమైతే నాకూ మీకూ అపరాధ రుసుము పడుతుంది. ఆ రుసుము కట్టిన మనిషికి ప్రభుత్వం మీద నమ్మకం ఎలా నిలుస్తుంది, చెప్పండి?

ఇక తీర్పు సంగతి. ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం, కామన్ కాజ్, సీపీఎం, ఇంకా కొందరు బాండ్లను సుప్రీంకోర్టులో సవాలు చేశారు. వామపక్షాలు బాండ్లు తీసుకోబోమని ముందే చెప్పాయి. కేసు ఏళ్ల తరబడి నడిచింది. ఈలోగా ఒక లోక్‌సభ ఎన్నిక, ఎన్నో అసెంబ్లీ ఎన్నికలు అయిపోయాయి. చివరికి 2024 ఫిబ్రవరి 15న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. బాండ్ల పథకం రాజ్యాంగ విరుద్ధం. పార్టీకి డబ్బు ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవడం ఓటరు హక్కు. కంపెనీల మీద హద్దు తీసేయడమూ చెల్లదు.

వివరాలు మార్చి 6 లోగా ఇవ్వమని స్టేట్ బ్యాంకును కోర్టు ఆదేశించింది. బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగింది. జూన్ 30 అంటే ఎన్నికలు అయిపోయి, కొత్త ప్రభుత్వం వచ్చేసిన తర్వాత. మార్చి 11న కోర్టు ఒప్పుకోలేదు. మర్నాటికల్లా ఇవ్వమంది. మార్చి 12న బ్యాంకు వివరాలు ఇచ్చింది. జూన్ దాకా గడువు అడిగిన బ్యాంకు ఒక్క రోజులో వివరాలు ఇచ్చింది. ఈ సంగతి మళ్లీ చెబుతాను, ముందు ముందు దీనితో పని ఉంది. జూన్ దాకా గడువు అడిగి, ఒక్క రోజులో ఇచ్చింది.

ముందు రెండు జాబితాలు వచ్చాయి. కొన్నవాళ్ల పేర్లు ఒకదాంట్లో, తీసుకున్న పార్టీల పేర్లు ఇంకోదాంట్లో. ఎవరిది ఎవరికి చేరిందో తెలియదు. కోర్టు మళ్లీ గట్టిగా అడిగింది. మార్చి 21న బాండ్ల మీది ఆ రహస్య నంబర్లు కూడా వచ్చాయి. అప్పుడు ఎవరిది ఎవరికి చేరిందో తేలింది.

అన్ని అంకెలూ మీకు చదివి వినిపించను. రెండు మూడు చాలు. వెల్లడైన జాబితాలో అందరికన్నా ఎక్కువ కొన్నది లాటరీ వ్యాపారం చేసే ఫ్యూచర్ గేమింగ్, 1,300 కోట్లు దాటి. రెండో స్థానం మన హైదరాబాద్‌లోని మేఘా ఇంజినీరింగ్‌ది, 960 కోట్లు దాటి. ఆ సంస్థ ఒక్క పార్టీకే ఇవ్వలేదు. కేంద్రంలోని పాలక పార్టీకి ఇచ్చింది, తెలంగాణలో అప్పటి పాలక పార్టీకి ఇచ్చింది, ఇంకా కొన్నిటికి ఇచ్చింది.

తీసుకున్నవాళ్లలో బీజేపీది మొదటి స్థానం, మొత్తంలో దాదాపు సగం. అప్పట్లో తెలంగాణను పాలించిన బీఆర్ఎస్‌కు 1,200 కోట్లు దాటి వచ్చింది. దేశం మొత్తం మీద అది నాలుగో స్థానం. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 300 కోట్లు దాటి, తెలుగుదేశానికి 200 కోట్లు దాటి వచ్చాయి. ఇక్కడ పార్టీల రంగులు పక్కన పెట్టి చూడండి. ఎక్కడ ఏ పార్టీ అధికారంలో ఉంటే, అక్కడ డబ్బు ఎక్కువగా ఆ పార్టీ వైపు నడిచింది. బెంగాల్లో అంతే, ఒడిశాలో అంతే, మన దగ్గరా అంతే. సిద్ధాంతం నచ్చి ఇచ్చిన చందా అయితే, అధికారం మారగానే దారి ఎందుకు మార్చుకుంటుంది?

ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. అప్పటి చట్టం ప్రకారం ఆ చందాలు సక్రమమైనవే. ఫలానా చందా ఫలానా కాంట్రాక్టుకు బదులుగా ఇచ్చిందని ఏ కోర్టూ తేల్చలేదు. దర్యాప్తుకు ప్రత్యేక బృందాన్ని వెయ్యమని అడిగితే, 2024 ఆగస్టు 2న సుప్రీంకోర్టు కాదంది. మామూలు చట్టం దారులు ఉన్నాయి కదా, వాటిని ఆశ్రయించమంది. కాబట్టి నేను ఎవరినీ దోషి అనను.

కానీ శ్రోతలారా, రహస్యం చేసిన అసలు నష్టం ఇక్కడే ఉంది. నిజంగా నచ్చి ఇచ్చినవాళ్లు కూడా ఆ జాబితాలో ఉండే ఉంటారు. పని కోసం ఇచ్చినవాళ్లూ ఉండి ఉంటారు. ఎవరు ఎవరో మనం తేల్చుకోలేం. ఆరేళ్లు దాచిపెట్టి ఒక్కసారి బయటపెడితే, చూసేవాళ్లకు అందరూ ఒకేలా కనిపిస్తారు. రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయన ఒక్క మాటతో తేల్చేస్తాడు. "అందరూ అంతేలే" అంటాడు. ఆ మాట నిజాయితీ ఉన్న నాయకుడికి శిక్ష. అవినీతిపరుడికి రక్షణ. అందరూ అంతే అయినప్పుడు ఇక మంచివాణ్ణి వెతకడం ఎందుకు? పోలింగు ముందు రాత్రి ఎవరో వచ్చి ఇచ్చే నోటు తీసుకుంటే తప్పేముంది? వాళ్లు తిన్నదాంట్లో మనకు ఇస్తున్నారు, అంతేగా? ఈ మాట మన ఊళ్లలో నేను చాలాసార్లు విన్నాను. మీరూ విని ఉంటారు. పైన కోట్ల దగ్గర నమ్మకం పోతే, కింద ఓటు దగ్గర నిజాయితీ నిలవదు.

దీనికి తోడు ఖర్చు పరిమితి. ఉభయ రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు దాటి ఖర్చు పెట్టకూడదు. లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు. అభ్యర్థులు ఈ లోపే లెక్క చూపిస్తారు. పార్టీ పెట్టే ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. 1974లో సుప్రీంకోర్టు, పార్టీ పెట్టిన ఖర్చును కూడా అభ్యర్థి లెక్కలో కలపాలంది. వెంటనే చట్టం మార్చి ఆ తీర్పును పక్కన పెట్టారు. యాభై ఏళ్లుగా ఆ సందు అలాగే ఉంది. మనం ప్రతి ఎన్నికలోనూ కళ్లారా చూసే ఖర్చు వేరు, లెక్కల్లో చూసే ఖర్చు వేరు.

ఇప్పుడు బాండ్లు లేవు. పెద్ద చందాలు చెక్కుల ద్వారా, ఎన్నికల ట్రస్టుల ద్వారా వెళుతున్నాయి. 20 వేలు దాటిన చందాకు పేరు చెప్పాలి. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు అన్న రెండు ప్రశ్నలకు చాలావరకు జవాబు దొరుకుతోంది. మూడో ప్రశ్న మిగిలింది. ఎప్పుడు చెప్పారు?

ఇది కొంచెం నిదానంగా చెబుతాను. మన రెండు రాష్ట్రాల్లోనూ 2024 మే 13న ఓట్లు వేశాం. ఆ ఏప్రిల్ రెండో వారంలో ఒక కంపెనీ ఒక పార్టీకి పెద్ద చందా ఇచ్చిందనుకోండి. అది 2024-25 ఆర్థిక సంవత్సరం లెక్కలోకి వస్తుంది. ఆ ఏడాది ముగిశాక, పన్ను రిటర్నుల గడువు వచ్చాక పార్టీ చెప్పాలి. అంటే 2025 చివరి నెలల్లో. మనం ఓటు వేసిన ఏడాదిన్నరకు. అప్పటికి ప్రభుత్వం ఏర్పడింది, టెండర్లు పిలిచారు, పనులు మొదలయ్యాయి. ఓటరుకు ఓటు వెయ్యకముందు కావలసిన సమాచారం, ఓటు వేసిన ఏడాదిన్నర తర్వాత అందుతోంది.

ఇది మార్చలేనిదా? బ్రిటన్‌లో ఏం చేశారో చూడండి. 1997లో టోనీ బ్లెయిర్ ప్రభుత్వం పొగాకు ప్రకటనల నిషేధం నుంచి ఫార్ములా వన్ కారు పందేలకు మినహాయింపు ఇవ్వబోయింది. ఈలోగా ఆ పందేల అధిపతి బెర్నీ ఎక్లెస్టోన్ అంతకు ముందే లేబర్ పార్టీకి పది లక్షల పౌండ్లు ఇచ్చారని బయటపడింది. పెద్ద గొడవ అయింది. పార్టీ డబ్బు వెనక్కి ఇచ్చేసింది. ఆ తర్వాత కమిటీ కూర్చుంది, 2000లో చట్టం వచ్చింది. అక్కడ మామూలు రోజుల్లో పార్టీలు పెద్ద చందాల వివరాలు మూడు నెలలకోసారి చెప్పాలి. పార్లమెంటు ఎన్నికల సమయంలో అయితే వారం వారం చెప్పాలి. ఓటరు ఓటు వేసే నాటికి ఎవరి డబ్బు ఎటు వెళ్లిందో తెలుస్తుంది. వాళ్ల రాజకీయాలు కడిగిన ముత్యాలని నేననను. ఆ ఒక్క నియమం మాత్రం మనకు కావాలి.

ఇందాక చెప్పిన మాట గుర్తుందా? నెలల గడువు అడిగిన స్టేట్ బ్యాంకు, కోర్టు గట్టిగా అడిగేసరికి రోజుల్లోనే వివరాలు ఇచ్చింది. ఇవాళ టీకొట్టు దగ్గర పది రూపాయలు ఫోనుతో కడితే, కట్టిన క్షణంలో కొట్టాయన పెట్టె మాట్లాడుతుంది. అలాంటి దేశంలో పార్టీకి కోటి రూపాయలు వస్తే వారం లోపల చెప్పలేమా? సాంకేతికంగా అడ్డు ఏమీ లేదు. చెప్పాలన్న చట్టం లేదు, అంతే.

చిన్న చందాదారు సంగతి వేరు. వంద, ఐదొందలు, వెయ్యి ఇచ్చే మనిషి పేరు బయటపెట్టక్కర్లేదు. అతని భయాన్ని మనం గౌరవించాలి. కోట్లు ఇచ్చేవారి పేరు మాత్రం దాచకూడదు. చిన్న మొత్తాల ముసుగులో పెద్ద మొత్తాన్ని ముక్కలు చేసి రాయకుండా ఎన్నికల సంఘం లెక్కలు తనిఖీ చెయ్యాలి. ఆ అధికారం, ఆ సిబ్బంది దానికి ఇవ్వాలి.

మీ చేతిలో ఉన్నది కూడా చెబుతాను. పార్టీలు ఏటా ఇచ్చే చందాల నివేదికలు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఉంటాయి. ఇంట్లో కాలేజీ చదివే పిల్లలుంటే తీసి చూపించమనండి. మీరు అభిమానించే పార్టీదే ముందు చూడండి. ఈసారి ఏ పార్టీ అభ్యర్థి మీ గడపకు వచ్చినా, రోడ్డు అడగండి, నీళ్లు అడగండి, వాటితో పాటు ఇదీ అడగండి. "మీ పార్టీకి వచ్చే పెద్ద చందాల వివరాలు మేం ఓటు వెయ్యకముందే చెబుతారా? అలా చెప్పి తీరాలని చట్టం తెస్తారా?" జవాబు చెప్పేదాకా వదలకండి. పదిమంది ఉన్నచోట, గట్టిగా అడగండి.